అంటుకోవడం వేరు, జబ్బు చేయడం వేరు: కణం దగ్గర కరోనా వైరస్ ఏం చేస్తుంది?

2025 ఫిబ్రవరిలో ఒక వార్త చాలామందికి టెన్షన్ పుట్టించింది. చైనాలోని వుహాన్ వైరాలజీ సంస్థ పరిశోధకులు గబ్బిలాల్లో మరో కరోనా వైరస్‌ను గుర్తించారనీ, కోవిడ్ వైరస్ వాడుకున్న దారిలోనే అదీ మనిషి కణాల్లోకి దూరగలదనీ దాని సారాంశం. వైరస్ పేరు హెచ్‌కేయూ5-కోవ్-2. పరిశోధన నిజమే, పేరున్న సైన్స్ పత్రికలోనే వచ్చింది. అందులో ఉన్నదల్లా ఇంతే: ఆ వైరస్ మనిషి కణాల మీదుండే ఒక ప్రొటీన్‌ను పట్టుకోగలదు, ల్యాబ్‌లో పెంచిన మనిషి కణాల్లో పెరగగలదు. ఆ వైరస్ సోకిన మనిషి ఒక్కరూ అందులో లేరు. కోవిడ్ వైరస్‌తో పోలిస్తే దీని పట్టు బాగా తక్కువని రాసింది కూడా ఆ పరిశోధకులే.

కోవిడ్ వచ్చినప్పటి నుంచి ఈ గందరగోళం మళ్లీ మళ్లీ చూస్తున్నాం. "వైరస్ కణానికి అంటుకుంటుంది" అన్న మాట హెడ్‌లైన్‌కు చేరేసరికి "మనుషులకు సోకుతుంది" అవుతుంది. "ల్యాబ్‌లో ఈ మందు వైరస్‌ను ఆపింది" అన్నది "మందు దొరికింది" అయిపోతుంది. కణాన్ని తాకడానికీ మనిషి మంచం పట్టడానికీ మధ్య చాలా మెట్లున్నాయి. ఏ మెట్టు దగ్గరైనా వైరస్ కథ ముగిసిపోవచ్చు.

వైరస్ చేతిలో ఏముంది, ఏం లేదు

కరోనా వైరస్ రేణువు అడ్డకొలత సుమారు 100 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో పదివేలవ వంతు. లోపల వైరస్ జన్యు సమాచారం రాసి ఉన్న ఒకే ఒక్క ఆర్‌ఎన్‌ఏ పోగు ఉంటుంది. కోవిడ్ వైరస్‌కైతే ఆ పోగు పొడవు దాదాపు 30 వేల అక్షరాలు. ఫ్లూ వైరస్‌కు దాదాపు 13,500, హెచ్‌ఐవీకి 10 వేల లోపే కాబట్టి, ఆర్‌ఎన్‌ఏ వైరస్‌ల లెక్కలో ఇది చాలా పెద్దది. పోగు చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. అది వైరస్ సొంతం కాదు, తాను పుట్టిన కణం నుంచి పట్టుకొచ్చినదే. సబ్బు ఈ పొరనే చెదరగొడుతుంది.

పొర మీద పొడుచుకొచ్చిన కొమ్ములే స్పైక్‌లు. కోవిడ్ వైరస్ రేణువు మీద ఇవి సగటున పాతిక దాకా ఉంటాయి. ఒక్కో కొమ్ములో ఒకే ప్రొటీన్ మూడు ప్రతులుగా అల్లుకుని ఉంటుంది.

ఇక లేని వాటి జాబితా పెద్దది. శక్తి తయారుచేసుకునే ఏర్పాటు లేదు. ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములు లేవు. కదిలే శక్తి కూడా లేదు, తుంపరలతో ఎటు పోతే అటే. కణంలో పడితే తప్ప దానికి బతుకు లేదు.

తాళంచెవి పోలిక ఎంతవరకు పనికొస్తుంది

స్పైక్ తాళంచెవి అనీ, కణం మీదుండే రిసెప్టర్ తాళమనీ కోవిడ్ రోజుల్లో ప్రతి పత్రికా రాసింది. మొదటి మెట్టుకు ఆ పోలిక సరిపోతుంది. చిక్కల్లా తర్వాతే: తాళంచెవి తిరిగితే తలుపు తెరుచుకున్నట్టేనని మనం అనుకుంటాం, ఇక్కడ అలా జరగదు.

రిసెప్టర్ అంటే కణం పొర మీద తన పని తాను చేసుకునే ప్రొటీన్. వైరస్ కోసం పుట్టింది కాదు. కోవిడ్ వైరస్ పట్టుకునే ఏస్-2నే చూడండి, అది ఒక ఎంజైమ్. రక్తనాళాలను బిగదీసే యాంజియోటెన్సిన్-2 అనే చిన్న అణువును కోసి, దానికి విరుగుడులా పనిచేసే అణువుగా మారుస్తుంది. దాన్ని 2000లో కనుగొన్నారు. సార్స్ అనే పాత కరోనా వైరస్ దాన్నే పట్టుకుంటుందని 2003లో తేలింది, 2020లో కోవిడ్ వైరస్‌దీ అదే దారి అని తేలింది. ముక్కు లోపలి కణాల్లో ఏస్-2 ఎక్కువగా ఉంటుంది, ఊపిరితిత్తుల లోతుల్లోకి పోయేకొద్దీ తగ్గుతుంది. పేగుల్లో, మూత్రపిండాల్లో కూడా దండిగా ఉంటుంది.

కరోనా వైరస్‌లన్నీ ఏస్-2నే పట్టుకోవు. ఒంటెల నుంచి మనుషులకు సోకే మెర్స్ వైరస్ డీపీపీ4 అనే ఎంజైమ్‌ను పట్టుకుంటుంది. మామూలు జలుబు తెచ్చే 229ఈ అనే కరోనా వైరస్‌కు అమైనోపెప్టిడేజ్-ఎన్ కావాలి. ఓసీ43 అనే మరో జలుబు వైరస్ అసలు ప్రొటీన్‌నే కాకుండా, కణం మీద అతికి ఉండే ఒక రకం చక్కెర అణువును పట్టుకుంటుంది.

రిసెప్టర్ ఏదో తెలిస్తే జబ్బు ఎంత తీవ్రమో తెలిసిపోతుందా? ఎన్‌ఎల్63 అనే వైరస్‌ను చూస్తే తెలియదని అర్థమవుతుంది. 2004లో నెదర్లాండ్స్‌లో బయటపడిన ఈ వైరస్ కూడా ఏస్-2నే పట్టుకుంటుంది. కానీ అది తెచ్చేది ఎక్కువగా జలుబు, చిన్నపిల్లల్లో కాస్త గొంతువాపు. అదే ఏస్-2ను పట్టుకున్న సార్స్ వైరస్ 2003లో దాదాపు 8 వేల మందికి సోకి 774 మందిని చంపింది. తాళం ఒకటే, ఫలితం మాత్రం ఎక్కడికక్కడే. "ఇది ఏస్-2 వైరస్" అన్న మాట విన్నప్పుడు ఎన్‌ఎల్63ను గుర్తుచేసుకుంటే సగం భయం తగ్గుతుంది.

రిసెప్టర్ శరీరంలో ఎక్కడుందన్నది కూడా అంతే ముఖ్యం. మెర్స్ పట్టుకునే డీపీపీ4 ఒంటెలకు ముక్కు లోపలే బాగా ఉంటుంది. మనిషికి ముక్కులో పెద్దగా ఉండదు, ఊపిరితిత్తుల లోతున ఉంటుంది. అందుకే ఒంటెల్లో అది జలుబులా వచ్చి సులువుగా పాకుతుంది. మనిషికి సోకితే న్యుమోనియా అవుతుంది, నమోదైన రోగుల్లో మూడో వంతుకు పైగా చనిపోయారు. అయినా దగ్గు, తుమ్ములతో మనిషి నుంచి మనిషికి అంత తేలిగ్గా పాకలేదు. దీనంతటికీ రిసెప్టర్ ఒక్కటే కారణమని చెప్పలేం కానీ, పెద్ద కారణాల్లో అది ఒకటి.

బీపీ మాత్రల భయం ఎక్కడ మొదలైంది

2020 మార్చిలో బీపీ రోగులకు ఒక భయం పట్టుకుంది. ఏస్ ఇన్హిబిటర్లు, ఏఆర్‌బీలు అనే రెండు రకాల బీపీ మందులు జంతువుల్లో ఏస్-2ను పెంచిన దాఖలాలున్నాయి. రిసెప్టర్ పెరిగితే వైరస్‌కు దారి పెరిగినట్టే కదా, మాత్రలు ఆపేయాలా అన్నది ప్రశ్న. అడగాల్సిన ప్రశ్నే అది. అదే సమయంలో మరికొందరు శాస్త్రవేత్తలు దీనికి పూర్తిగా ఎదురు వాదన చేశారు. వైరస్ సోకినప్పుడు ఏస్-2 తగ్గిపోతుంది, యాంజియోటెన్సిన్-2 పేరుకుని ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, కాబట్టి ఈ మందులు మేలే చేయవచ్చు అని వాళ్లన్నారు.

రెండు వాదనలూ కాగితం మీద చక్కగానే కుదిరాయి. తేల్చింది మాత్రం రోగుల మీద చేసిన పరీక్షలే. బ్రెజిల్‌లో జరిగిన బ్రేస్ కరోనా అనే ట్రయల్‌లో ఆసుపత్రిలో చేరిన రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఈ మాత్రలు ఆపారు, రెండో గుంపుకు కొనసాగించారు. ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మెర్స్ విషయంలోనూ ఇలాంటి ముచ్చటే ఒకటుంది. షుగర్ రోగులు వాడే గ్లిప్టిన్ మందులు డీపీపీ4 పనిని అడ్డుకుంటాయి. మరి అవి మెర్స్‌నూ అడ్డుకోవాలి కదా? అడ్డుకోవు. మందు కూర్చునే చోటు వేరు, వైరస్ పట్టుకునే చోటు వేరు.

పట్టుకున్నాక కోత పడాలి

అసలు కథ ఇక్కడే ఉంది. వార్తల్లో చాలావరకు రానిది కూడా ఇదే.

స్పైక్‌లో రెండు భాగాలుంటాయి. పైభాగం రిసెప్టర్‌ను పట్టుకుంటుంది. కింది భాగం వైరస్ పొరనూ కణం పొరనూ కలిపేస్తుంది. కింది భాగం మామూలుగా ముడుచుకుని, పైభాగం కింద కదలకుండా ఉంటుంది. అది విచ్చుకోవాలంటే స్పైక్ ప్రొటీన్‌ను రెండు చోట్ల కోయాలి. కోసే సాధనం వైరస్ దగ్గర లేదు. మన కణాల ఎంజైములే ఆ పని చేసిపెడతాయి.

మొదటి కోత రెండు భాగాలు కలిసే చోట పడుతుంది. కోవిడ్ వైరస్‌లో ఆ కోత చాలావరకు ముందే, కొత్త రేణువు పాత కణం నుంచి బయటికి వచ్చే దారిలోనే పడిపోతుంది. కోసేది ఫ్యూరిన్ అనే ఎంజైమ్, అది దాదాపు అన్ని కణాల్లోనూ ఉంటుంది. రెండో కోత కాస్త కింద, వైరస్ కొత్త కణాన్ని పట్టుకున్నాక పడుతుంది. అప్పుడు కింది భాగం బాణంలా చాచుకుని కణం పొరలో దిగుతుంది, వెంటనే మళ్లీ మడత పడుతుంది. ఆ మడతతో రెండు పొరలూ దగ్గరికి లాగబడి కలిసిపోతాయి. కలిసిన చోట ఏర్పడే రంధ్రంలోంచి ఆర్‌ఎన్‌ఏ కణంలోకి జారుతుంది.

రెండో కోత ఎక్కడ పడుతుందన్నదాన్ని బట్టి వైరస్‌కు రెండు దారులున్నాయి. టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అనే ఎంజైమ్ కణం పొర మీదే ఉంటే, కోత అక్కడే పడి వైరస్ పైనుంచే లోపలికి పోతుంది. ఆ ఎంజైమ్ లేకపోతే కణం వైరస్‌ను ఒక చిన్న సంచిలో చుట్టి లోపలికి లాక్కుంటుంది. ఆ సంచి పేరు ఎండోజోమ్. అది లోపలికి పోయేకొద్దీ ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లంలో చురుకయ్యే కాథెప్సిన్-ఎల్ అనే మరో ఎంజైమ్ రెండో కోత వేస్తుంది.

ఊపిరితిత్తుల కణాల్లో మొదటి రకం కోవిడ్ వైరస్‌కు ప్రధానమైనది పైదారి.

ఒక మందు, రెండు రకాల కణాలు

కోవిడ్‌కు మందంటూ 2020లో ప్రచారమైన మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ గొడవ గుర్తుందా? దానిమీద వాదన ఎక్కువగా రాజకీయంగా సాగింది. కానీ ఆ మందు ల్యాబ్‌లో ఎందుకు పనిచేసింది, మనిషిలో ఎందుకు చేయలేదన్న ప్రశ్నకు జవాబు పైన చెప్పిన రెండు దారుల్లోనే ఉంది.

ల్యాబుల్లో వైరస్‌లను పెంచడానికి ఎక్కువగా వాడేది వెరో కణాలు. 1962లో జపాన్‌లో ఆఫ్రికా జాతి కోతి మూత్రపిండం నుంచి తీసినవి. వాటి మీద ఏస్-2 ఉంది కానీ టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 దాదాపు లేదు. కాబట్టి ఆ కణాల్లోకి కోవిడ్ వైరస్ పోవాలంటే సంచి దారే గతి. క్లోరోక్విన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆ సంచిలో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. ఆమ్లం లేకపోతే కాథెప్సిన్ పనిచేయదు, కోత పడదు, వైరస్ సంచిలోనే ఇరుక్కుంటుంది. వెరో కణాల్లో మందు అద్భుతంగా పనిచేసిందంటే అందులో మోసమేమీ లేదు. 2005లో సార్స్ వైరస్‌తో చేసిన ప్రయోగంలోనూ అదే కనిపించింది.

2020 జులైలో జర్మనీ పరిశోధకులు ఇదే ప్రయోగాన్ని కాలు-3 అనే మనిషి ఊపిరితిత్తుల కణాల మీద చేశారు. వీటికి టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 ఉంది. అదే మందు, అదే వైరస్, అయినా ప్రభావం లేదు. వైరస్ పైదారినే పోతుంటే సంచి దారి మూసి లాభమేముంది?

అప్పటికే బ్రిటన్‌లో రికవరీ అనే ట్రయల్ రోగుల మీద ఇదే మాట తేల్చింది. చివరి లెక్కల ప్రకారం మందు ఇచ్చిన 1,561 మందిలో 28 రోజుల్లోపు చనిపోయినవాళ్లు 27 శాతం, ఇవ్వని 3,155 మందిలో 25 శాతం.

పైదారిని మూసే మందు ఇస్తే సరిపోయేది కదా అనిపిస్తుంది. ఇచ్చి చూశారు. కామోస్టాట్ అనే మందు టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2ను ఆపుతుంది, ల్యాబ్‌లో ఊపిరితిత్తుల కణాలను కాపాడింది. ఆసుపత్రి రోగుల మీద చేసిన పరీక్షల్లో మాత్రం చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. రోగి ఆసుపత్రికి చేరేసరికి వైరస్ చొరబడే దశ చాలావరకు అయిపోతుందని, మందు చేరాల్సిన చోటికి చేరాల్సినంత చేరలేదని నిపుణులు రకరకాల కారణాలు చెబుతారు. యంత్రాంగం సరిగ్గా అర్థమైనంత మాత్రాన మందు తయారైనట్టు కాదు.

వెరో కణాలతో ఇంకో తిరకాసు కూడా ఉంది. వాటిలో వైరస్‌ను పదేపదే పెంచితే, స్పైక్‌లో ఫ్యూరిన్ కోసే చోటును వైరస్ వదిలేసుకుంటుంది. సంచి దారికి ఆ చోటుతో పనిలేదు మరి. జాగ్రత్తగా లేకపోతే పరిశోధకుడి చేతిలో ఉన్న వైరస్, రోగిలో ఉన్న వైరస్ ఒకటి కాకుండా పోతాయి.

ఒమిక్రాన్ దారి మార్చిందా

2021 చివర్లో వచ్చిన ఒమిక్రాన్ ఈ రెండు దారుల కథను మళ్లీ ముందుకు తెచ్చింది. హాంకాంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు శ్వాసనాళం ముక్కలనూ ఊపిరితిత్తి ముక్కలనూ ల్యాబ్‌లో ఉంచి వైరస్ ఎక్కించి చూశారు. 24 గంటల్లో శ్వాసనాళంలో ఒమిక్రాన్ డెల్టా కంటే దాదాపు 70 రెట్లు ఎక్కువ పెరిగింది. ఊపిరితిత్తి ముక్కలో మాత్రం మొదటి రకం వైరస్ కంటే పది రెట్లకు పైగా తక్కువ పెరిగింది. ఒమిక్రాన్ టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2ను సరిగ్గా వాడుకోలేకపోతోందనీ, సంచి దారి మీదే ఎక్కువగా ఆధారపడుతోందనీ బ్రిటన్‌లోని పరిశోధనలు చూపించాయి.

ఒమిక్రాన్ మెత్తబడిందనడానికి దీన్నే కారణంగా చాలామంది చూపించారు. ఆ మాటలో నిజముంది. అయితే ఎదురు వాదన కూడా గట్టిదే. ఒమిక్రాన్ వచ్చేసరికి ప్రపంచంలో చాలామందికి టీకా పడింది, లేదా ఒకసారి జబ్బు వచ్చిపోయింది. తీవ్రత తగ్గిందంటే వైరస్ మారినందుకా, మనం మారినందుకా? 2022 మొదట్లో హాంకాంగ్‌లో ఏమైందో చూడండి. అక్కడి వృద్ధుల్లో చాలామంది టీకా వేయించుకోలేదు, అంతకుముందు జబ్బు కూడా పెద్దగా పాకలేదు. ఒమిక్రాన్ అలలో కొద్ది నెలల్లోనే సుమారు 9 వేల మంది చనిపోయారు. కణం దగ్గర కనిపించిన తేడా నిజమే కానీ, రక్షణ లేని వృద్ధుల దగ్గర అది ఒక్కటే కాపాడలేదు.

ఇంత తెలిశాక గబ్బిలం వైరస్ వార్తలను చదివే పద్ధతి మారుతుంది. రిసెప్టర్‌ను పట్టుకుంటుందా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. ఎంత గట్టిగా పట్టుకుంటుంది? కోత వేసే ఎంజైమ్ మనిషి ముక్కులో దొరుకుతుందా? లోపలికి పోయాక మన కణాల రక్షణను తట్టుకుంటుందా? పక్కవాడికి అంటుకునేంత ఎక్కువగా పెరుగుతుందా? హెచ్‌కేయూ5-కోవ్-2 మొదటి మెట్టు దాటింది, ల్యాబ్ కణాల్లో ఇంకొన్ని దాటింది. మెర్స్‌కు చుట్టమైన వైరస్ ఏస్-2ను పట్టుకోవడం శాస్త్రవేత్తలకు ఆసక్తి కలిగించే సంగతే, నిఘా పెట్టాల్సిన సంగతే. అంతకు మించి అప్పుడే చెప్పడం తొందరపాటు.

కొత్త జంతువుకు సోకడానికి మ్యుటేషన్, అంటే వైరస్ జన్యువులో మార్పు, ఒక్కటి చాలునా అన్న ప్రశ్నకు కూడా ఉదాహరణ ఉంది. మొదటి రకం కోవిడ్ వైరస్ ఎలుకల ఏస్-2ను సరిగ్గా పట్టుకోలేకపోయేది. అందుకే పరిశోధకులు మనిషి ఏస్-2 పెట్టిన ఎలుకలను వాడాల్సి వచ్చింది. స్పైక్‌లో 501వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం (ప్రొటీన్ గొలుసులో ఒక పూస) మారిన ఆల్ఫా, బీటా రకాలు వచ్చాక మామూలు ఎలుకలకు కూడా సోకింది.

లోపలికి దూరాక మొదటి గంటలు

ఆర్‌ఎన్‌ఏ లోపల పడగానే కణంలోని రైబోజోములు దాన్ని తమ సొంత ఆదేశమే అనుకుని చదవడం మొదలుపెడతాయి. మొదటి మూడింట రెండొంతుల భాగం నుంచి రెండు పొడవాటి ప్రొటీన్ గొలుసులు వస్తాయి. చదువుతూ చదువుతూ ఒకచోట రైబోజోమ్ ఒక అక్షరం వెనక్కి జారేలా ఆర్‌ఎన్‌ఏ ముడి వేసుకుని ఉంటుంది. జారితే పొడవైన గొలుసు, జారకపోతే పొట్టి గొలుసు. ఆ గొలుసులను వైరస్ సొంత ఎంజైములు రెండు కలిసి ముక్కలు చేస్తే 16 పనిముట్లు తయారవుతాయి. ఆ రెంటిలో ప్రధానమైనదాన్ని ఆపేదే పాక్స్‌లోవిడ్ అనే కోవిడ్ మాత్రల్లోని నిర్మాట్రెల్విర్ మందు. గొలుసు తెగకపోతే పనిముట్లు లేవు.

వాటిలో మొట్టమొదటిది, ఎన్‌ఎస్‌పీ1, చేసే పని చూస్తే వైరస్ ఎంత పకడ్బందీగా ఉంటుందో తెలుస్తుంది. ఆదేశాలు దూరే సందులోనే అది పోయి రైబోజోమ్‌కు అడ్డంగా కూర్చుంటుంది. కణం తన సొంత ప్రొటీన్లు చేసుకోవడం బాగా తగ్గిపోతుంది. మరి వైరస్ ప్రొటీన్లు ఎలా తయారవుతాయి? వైరస్ ఆదేశాలన్నిటి మొదట్లో ఒకే రకమైన ముక్క ఉంటుంది. ఆ ముక్క ఉన్న ఆదేశానికి అడ్డు తొలగుతుంది.

ఆర్‌ఎన్‌ఏకు నకళ్లు తీసే పని బహిరంగంగా జరగదు. కణంలోని లోపలి పొరలను వైరస్ లాగి, రెండు పొరల బుడగలుగా మారుస్తుంది. నకలు తీసేటప్పుడు ఆర్‌ఎన్‌ఏ జంట పోగుగా మారుతుంది. జంట పోగు కనిపిస్తే చాలు, కణంలోని కాపలా ప్రొటీన్లు వైరస్ వచ్చిందని పసిగడతాయి. బుడగలో ఉంటే కనిపించదు. తయారైన నకళ్లు ఎలా బయటికి వస్తాయో చాలాకాలం తెలియలేదు. 2020లో ఎలుకల కరోనా వైరస్‌లో ఆ బుడగల మీద చిన్న రంధ్రాలను గుర్తించారు.

నకలు తీసే ఎంజైమ్‌కు తోడుగా తప్పులు దిద్దే ఎంజైమ్ కూడా ఉండటం కరోనా వైరస్‌ల ప్రత్యేకత. 30 వేల అక్షరాలు తప్పుల్లేకుండా రాయాలంటే అది లేకుండా కుదరదు. మందులు తయారుచేసేవాళ్లకు అదే తలనొప్పి. తప్పుడు అక్షరాన్ని ఇరికించి వైరస్‌ను చెడగొట్టే రిబావిరిన్ లాంటి పాత మందులు ఇక్కడ అంతగా పనిచేయవు. రెమ్డెసివిర్ అనే కోవిడ్ మందు మరో ఎత్తు వేస్తుంది. అది ఇరుక్కున్న వెంటనే నకలు ఆగదు, ఇంకో మూడు అక్షరాలు రాశాక ఆగుతుంది. దాంతో దిద్దే ఎంజైమ్‌కు దాన్ని తీసేయడం కష్టమవుతుంది.

ఇంటర్‌ఫెరాన్: ముందు వస్తే మేలు, ఆలస్యమైతే చేటు

వైరస్‌ను పసిగట్టిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్లను విడుదల చేస్తుంది. పక్క కణాలు దాన్ని అందుకుని రక్షణ జన్యువులను పనిలోకి దింపుతాయి. కోవిడ్ వైరస్ దీన్ని చాలాచోట్ల అడ్డుకుంటుంది. దాని ఓఆర్‌ఎఫ్6 అనే చిన్న ప్రొటీన్ కణకేంద్రకం ద్వారాల దగ్గర కూర్చుని ఆ సంకేతం లోపలికి పోకుండా చేస్తుంది. ఇంటర్‌ఫెరాన్ ఆలస్యమైతే మొదటి రోజులు వైరస్‌వే.

ఇది ఎంత ముఖ్యమో 2020లో వచ్చిన ఒక పరిశోధన తేల్చి చెప్పింది. ప్రాణాపాయ స్థితికి చేరిన 987 మంది రోగులను పరీక్షిస్తే, కనీసం 101 మంది రక్తంలో తమ ఇంటర్‌ఫెరాన్‌నే పనిచేయకుండా చేసే యాంటీబాడీలు కనిపించాయి. స్వల్పంగా లేదా లక్షణాలే లేకుండా జబ్బు వచ్చిపోయిన 663 మందిలో ఒక్కరికీ లేవు. ఒకే వైరస్ ఒకరికి జలుబై, మరొకరికి వెంటిలేటర్ దాకా ఎందుకు పోయిందన్న ప్రశ్నకు దొరికిన గట్టి జవాబుల్లో ఇదొకటి.

రెండో వారంలో పరిస్థితి తిరగబడుతుంది. అప్పుడు వైరస్ తగ్గుతుంటే, రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. రోగనిరోధక వ్యవస్థను నెమ్మదింపజేసే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ వెంటిలేటర్ మీదున్న రోగుల్లో మరణాలను దాదాపు మూడో వంతు తగ్గించింది. అదే మందు ఆక్సిజన్ అవసరం లేని రోగులకు మేలు చేయలేదు. స్టెరాయిడ్ మంచిదా చెడ్డదా అన్న వాదన జబ్బు ఏ రోజున ఉందో చెప్పకుండా సాగడమే తప్పు.

బయటికి వచ్చే దారి

కొత్త రేణువులు కణంలోపలి పొరల్లోంచే మొగ్గ తొడిగినట్టు పుడతాయి. చాలా వైరస్‌ల్లాగే ఇవి కూడా కణం ప్రొటీన్లను బయటికి పంపే మామూలు దారిలో వస్తాయని అందరూ అనుకునేవారు. 2020లో అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు వేరే దారి చూపించారు. ఇవి లైసోజోముల్లో ఎక్కి బయటికి వస్తున్నాయి. లైసోజోమ్ అంటే కణంలో చెత్తను జీర్ణం చేసే సంచి. వైరస్ పోయి అందులో కూర్చుంటే నాశనం కావాలి కదా? కావడం లేదు, ఎందుకంటే సోకిన కణాల్లో లైసోజోముల ఆమ్లమే తగ్గిపోయి ఉంది.

బయటికి రాకుండానే పక్కకు పాకే దారి కూడా ఉంది. సోకిన కణం పొర మీద స్పైక్‌లు తేలి, పక్క కణం ఏస్-2ను పట్టుకుంటే రెండు కణాలూ కలిసిపోతాయి. చనిపోయిన కోవిడ్ రోగుల ఊపిరితిత్తుల్లో ఇలా కలిసిపోయిన, చాలా కేంద్రకాలున్న పెద్ద కణాలు కనిపించాయి. జబ్బు తీవ్రతలో వాటి వాటా ఎంతన్న దానిమీద ఏకాభిప్రాయం లేదు.

ఇంకా తెగని తగాదాలు

ఏస్-2 కాకుండా వేరే రిసెప్టర్లున్నాయా అన్నది ఒకటి. న్యూరోపిలిన్-1, హెపరాన్ సల్ఫేట్, టీఎంఈఎం106బీ లాంటి పేర్లు వినిపించాయి. ఇవి చొరబాటుకు సాయపడతాయని చెప్పే ప్రయోగాలున్నాయి. ఏస్-2 లేకుండా ఇవి ఒంటరిగా రోగి శరీరంలో ఎంత పనిచేస్తాయన్నది వేరే ప్రశ్న. మొదట్లో గట్టిగా వినిపించిన సీడీ147 అనే పేరును తర్వాతి ప్రయోగాలు సమర్థించలేదు.

వాసన పోవడం గురించి మొదట్లో వైరస్ నరాల కణాలను చంపేస్తోందని అనుకున్నారు. వాసన పసిగట్టే నరాల కణాల మీద ఏస్-2 దాదాపు లేదని 2020లో తేలింది. వాటిని ఆనుకుని ఉండి సాయపడే కణాల మీద మాత్రం ఉంది. ఆ సాయపడే కణాలు దెబ్బతిని, వాపు వచ్చి, నరాల కణాలు పని మానేస్తాయన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. చాలామందికి కొన్ని వారాల్లో వాసన తిరిగి రావడం దీనికి సరిపోతుంది. నెలల తరబడి రానివాళ్ల సంగతి మాత్రం దీనితో పూర్తిగా తేలదు.

అన్నిటికన్నా ఎక్కువ అపార్థాలకు దారితీసింది 2021లో వచ్చిన ఒక పరిశోధన. కోలుకున్న కొందరిలో వారాల తర్వాత కూడా పీసీఆర్ పాజిటివ్ ఎందుకు వస్తోందన్న ప్రశ్నతో మొదలై, వైరస్ ఆర్‌ఎన్‌ఏ ముక్కలు డీఎన్‌ఏగా మారి కణం జన్యువుల్లో అతుక్కోవచ్చని అది చెప్పింది. ఇందుకు వైరస్ కాదు, మన కణాల్లోనే ఉండే లైన్-1 అనే, తమ నకళ్లను జన్యువుల్లో వేరేచోట అతికించుకోగల డీఎన్‌ఏ ముక్కలు కారణమన్నది వారి వాదన. చాలామంది శాస్త్రవేత్తలు దీన్ని ఒప్పుకోలేదు. ఆర్‌ఎన్‌ఏను పరీక్షకు సిద్ధం చేసేటప్పుడు ముక్కలు పొరపాటున ఒకదానికొకటి అతుక్కోవడం మామూలేనని, కనిపించింది అదే కావచ్చని అన్నారు. ఆస్ట్రేలియా పరిశోధకులు పొడవాటి డీఎన్‌ఏ పోగులను నేరుగా చదివే పద్ధతిలో వెతికితే, సోకిన కణాల్లో అలాంటి అతుకులు కనిపించలేదు. ఒకవేళ అరుదుగా జరిగినా, అతుక్కునేది చిన్న ముక్క కాబట్టి దాన్నుంచి వైరస్ తిరిగి పుట్టదు. అసలు పరిశోధన చేసినవాళ్లు కూడా అంతే అన్నారు.

పీసీఆర్ పట్టేది వైరస్ ముక్కలను, బతికున్న వైరస్‌ను కాదు. అందుకే ఆ పాజిటివ్ రిపోర్టులకు మరో మామూలు వివరణ ఉంది: చచ్చిన కణాల శిథిలాలు, బుడగల్లో మిగిలిపోయిన ఆర్‌ఎన్‌ఏ. లాంగ్ కోవిడ్ (కోవిడ్ తగ్గాక కూడా నెలల తరబడి లక్షణాలు వదలకపోవడం) రోగుల్లో కొందరి పేగుల్లో, ఇతర కణజాలాల్లో నెలల తర్వాత వైరస్ ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్లు కనిపించాయి. అవి ఇంకా పెరుగుతున్న వైరస్‌వా, ఊడ్చుకుపోని చెత్తవా అన్నదాన్ని బట్టి చికిత్స మారుతుంది. మొదటిదైతే వైరస్ మందులు ఎక్కువ రోజులు వాడాలి. 15 రోజుల పాటు పాక్స్‌లోవిడ్ ఇచ్చి చూసిన ఒక ట్రయల్‌లో లాంగ్ కోవిడ్ లక్షణాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అంతమాత్రాన వైరస్ మిగలడమే లేదని తేలినట్టు కాదని ఒక వర్గం, ఆ ఊహనే వదిలేసి రోగనిరోధక వ్యవస్థ వైపు చూడాలని మరో వర్గం అంటున్నాయి.